చెల్క క్రింది బంకమన్ను

తెలంగాణములోని చెల్క నేలను చూచి, ఇసుక పాలు హెచ్చైన ఎఱ్ఱనేల యనుట సులభము. అది అసత్యము కాదు. కాని పై జానెడు మన్నునకే చెల్లు మాట. గడ్డపారతో మూరెడు లోతు త్రవ్వినచో రంగు ముదురును. వ్రేళ్ళ నడుమ నలిపిన మన్ను గరగరలాడుటకు మాఱుగా జిగటగా సాగును. పైన ఇసుక గరప, క్రింద బంకమన్ను. పుస్తకములో కంటె చేనిలో త్రవ్వి విద్యార్థులకు చూపవలసిన పాఠమిది.

ఈ రెండు పొరలను ఎవరును తెచ్చి పరచలేదు. రెండింటికిని మూలము సాధారణముగా ఒకే గ్రానైటు శిల. అది శిథిలమై మన్నైన పిదప, 0.002 మిల్లీమీటరు కన్న సన్నని రేణువులను వాననీరు వేలకొలది సంవత్సరములుగా క్రిందికి దింపుచు వచ్చినది. నీరు ఆరిన చోట అవి మట్టి రంధ్రముల గోడలకు అలుకుపూతవలె పట్టుకొన్నవి. ముతక ఇసుక పైననే మిగిలినది. ఈ తరగతి నేలలకు శాస్త్రజ్ఞులు ఆల్ఫిసాల్స్ అని పేరిడిరి. మన రైతు పెట్టిన పేరే నా చెవికి ఇంపు.

ఇసుక నేల గదా, వాన యిట్టే ఇంకునని తలంతుము. ఇచ్చటనే పొరపడుదుము. సేంద్రియ పదార్థము తక్కువైన ఈ పైమన్నునకు పట్టు చాలదు. పెద్ద చినుకుల తాకిడికి మట్టి పలుకులు చిట్లి, వాని పొడి రంధ్రములను మూసివేయును. ఎండ కాయగానే నేల అట్టకట్టును. జొన్న, సజ్జ మొలకలు దానిని చీల్చుకొని రాలేక లోననే వంగిపోవుటయు కలదు. సాళ్ళ నడుమ గుంటక తోలుట కలుపు కొఱకే కాదు, ఆ అట్టను పగులగొట్టి తరువాతి వానకు దారి యిచ్చుటకును.

ఇంకని నీరు పైమన్నును వెంటగొని పల్లమునకు పాఱును. ఏటేట ఇట్లు పలుచబడిన చేనిలో నాగలి తుదకు బంకమన్నునే తాకును. ఎండినప్పుడు అది గట్టిపడి వేళ్ళకు లొంగదు. అట్లని ఆ బంకమన్ను శత్రువు కాదు. వాన మొగము చాటు చేసిన దినములలో పైరును నిలుపు తేమ దానియందే దాగి యుండును. 'పైన పటారం, లోన లొటారం' అను సామెత ఈ నేలపట్ల తలక్రిందగును.

కొట్టుకొనిపోయిన మన్ను చెరువు చేరి పూడికయగును. దానిని తిరిగి చేలకు తోలుట మన పాత అలవాటే. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలోను పూడిక మన్నును రైతులు పొలములకు తరలించిరి. వాలునకు అడ్డముగా దున్నక, గట్టు నిలుపక తోలిన మన్ను మాత్రము మరల చెరువు దారినే పట్టును.