ఆవిరికి బోధన్‌లో రెండో కొలువు

పాత ఆవిరి రైళ్లంటే పడిచచ్చేవాళ్లు డార్జిలింగ్‌కో ఊటీకో పరుగెత్తుతారు. నిజామాబాద్ ఎవరికీ గుర్తురాదు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసే వేళ నిజాం ఏలుబడిలో హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే వేసిన మీటర్ గేజ్ దారి ఈ ఊరి మీదుగానే మన్మాడ్‌కు పోయింది. జానకంపేట దగ్గర చీలిన పాయ బోధన్ చేరింది. స్వాతంత్ర్యం తర్వాత ఆ మీటర్ గేజ్ మీద ప్రయాణికుల బండ్లను వైపీ ఇంజన్లు, గూడ్సును వైజీలు లాగాయి.

అసలు రైలింజన్ పుట్టింది మనుషుల కోసం కాదు. 1804 ఫిబ్రవరిలో వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం నుంచి రిచర్డ్ ట్రెవితిక్ ఇంజన్ పది టన్నుల ఇనుము లాక్కెళ్లింది. పిస్టన్‌ను తోసి అలసిపోయిన ఆవిరిని ఆయన పొగగొట్టంలోకి వదిలాడు. కిటుకంతా అక్కడే ఉంది. పైకి ఎగజిమ్మే ఆవిరి పొగను తనతో లాక్కుపోతుంది, ఆ ఖాళీలోకి పొయ్యి కింది నుంచి కొత్త గాలి దూసుకొస్తుంది. బరువు పెరిగితే ఆవిరి ఎక్కువ ఖర్చవుతుంది, మంటా అంతే రాజుకుంటుంది.

పిల్లలు ఆడుకునే 'చుక్‌చుక్' ఆ ఆవిరి చప్పుడే. వైపీ లాంటి ఇంజన్‌కు రెండు సిలిండర్లు, ఒక్కో పిస్టన్‌కు రెండు వైపులా ఆవిరి, కాబట్టి చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు చుక్‌లు. వైపీ పెద్ద చక్రం అడ్డుకొలత 1.37 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది దాటుతాయి. ఇక లెక్కపెట్టడం ఎవరి తరం?

వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఇంజనీరుకు అది దుబారా. బొగ్గు వేడిలో నూటికి ఎనిమిది పాళ్లు బండిని లాగడానికి పనికొస్తే గొప్పే.

అదే ఆవిరి 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ లాంటి చోట పొదుపు నేర్చుకుంది. చక్కెర మిల్లులో చెరకు పిప్పే బాయిలర్‌కు వంటచెరకు. యంత్రాలు తిప్పిన ఆవిరి గొట్టం ఎక్కి గాలిలో కలవదు, రసం మరిగించే ఎవాపరేటర్లలోకి పోతుంది. రసంలో దాదాపు 85 పాళ్లు నీళ్లే మరి. మొదటి పాత్రలో రసం నుంచి లేచిన ఆవిరే రెండో పాత్రను వేడిచేస్తుంది, దానిది మూడోదాన్ని. ఒక్కో పాత్రలో ఒత్తిడి ముందుదానికన్నా తక్కువ. ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. నాలుగు పాత్రల వరుస ఉంటే కిలో ఆవిరితో మూడు కిలోల పైనే నీళ్లు ఎగురుతాయి, చివర్లో రసం మాడదు.

ఈ ఆలోచన నార్బర్ట్ రిల్యూది. లూసియానాలో నల్లజాతి తల్లికి పుట్టి, పారిస్‌లో చదువుకుని, అక్కడే ఆవిరి యంత్రాల గురించి పాఠాలు చెప్పాడు. 1843, 1846లలో పేటెంట్లు తీసుకున్నాడు. అంతకుముందు లూసియానాలో బానిసలు సలసల కాగే రసాన్ని గరిటెలతో ఒక కడాయి నుంచి ఇంకో కడాయిలోకి తోడేవాళ్లు. నన్నడిగితే ట్రెవితిక్ కన్నా ఈయనే గడుసరి.

శక్కర్‌నగర్ మిల్లు 2015 డిసెంబరులో మూతపడింది. మళ్లీ తెరవాలన్న డిమాండు అప్పటి నుంచీ ఉంది. రిటైరైన రైలింజన్‌ను స్టేషన్ ముందు దిమ్మె కట్టి, రంగు పూసి నిలబెడతారు. ఎవాపరేటర్‌కు ఆ మర్యాద చేసిన ఊరిని నేనెక్కడా చూడలేదు. పాత సామానులో ఏదైనా మిగిలి ఉంటే, తుక్కు లారీ ఎక్కకముందే బోధన్ ఆ పని మొదలుపెట్టొచ్చు.