ముందు బ్రేకు భయం తీర్చే ఏబీఎస్

రోలుగుంట: మోటారు సైకిలు కొనబోయేవారు షోరూములో మొదట అడిగేది మైలేజీ. ఆ తరువాత అడిగేది నెలసరి వాయిదా. బ్రేకుల సంగతి అడిగేవారు బహు తక్కువ. ఏబీఎస్ ఉన్న బండికి కొన్ని వేలు ఎక్కువవుతుందనగానే ‘అది పట్నం వాళ్లకు, మన పల్లె రోడ్లకు ఎందుకు’ అన్న మాట వస్తుంది. నిజానికి దాని అవసరం పల్లె రోడ్లకు ఏమాత్రం తక్కువ కాదు. అయితే అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకుని కొనాలి.

చక్రం పట్టేస్తే...

గేదె అడ్డం వచ్చిందనుకోండి. కంగారులో బ్రేకు గట్టిగా పట్టేస్తారు. చక్రం తిరగడం ఆగిపోతుంది కానీ బండి ఆగదు, జారుతుంది. తిరిగే చక్రానికే రోడ్డు మీద పట్టు ఉంటుంది. ముందు చక్రం పట్టేస్తే హ్యాండిల్ ఎటు తిప్పినా లాభం లేదు. రెప్పపాటులో బండి, మనిషి రోడ్డు మీద ఉంటారు. అందుకే బండి నేర్పేటప్పుడే ‘ముందు బ్రేకు ముట్టుకోకు’ అని చెబుతుంటారు.

ఈ సలహాలో సగమే నిజం ఉంది. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. కనుక బండిని ఎక్కువగా ఆపగలిగేది ముందు బ్రేకే. వెనక బ్రేకునే నమ్ముకుంటే బండి చాలా దూరం పోయి ఆగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదెను చూసి బ్రేకు వేసేలోపే అంత దూరం అయిపోతుంది. ఆ పైన మిగిలిన ప్రతి మీటరూ విలువైనదే.

ఎలా పని చేస్తుంది?

ఏబీఎస్ అంటే యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్. చక్రం పక్కన పళ్లున్న ఒక రింగు, దాన్ని కనిపెట్టే చిన్న సెన్సారు ఉంటాయి. చక్రం పట్టేయబోతోందని సెన్సారు పసిగట్టగానే యంత్రం బ్రేకు ఒత్తిడిని కొంచెం వదిలి మళ్లీ పట్టిస్తుంది. సెకనులో ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. అప్పుడు లివరు చేతికింద అదురుతుంది. భయపడి వదలకూడదు, అలాగే గట్టిగా పట్టి ఉంచాలి. ముందు చక్రానికి మాత్రమే ఉంటే సింగిల్ ఛానెల్ అనీ, రెంటికీ ఉంటే డ్యూయల్ ఛానెల్ అనీ అంటారు.

కొన్ని బండ్లకు ఉండే కాంబీ బ్రేకు వేరు. అందులో వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అది మంచిదే కానీ చక్రం పట్టేయకుండా ఆపలేదు.

మన దారుల్లో

రోలుగుంట నుంచి నర్సీపట్నం, చోడవరం వైపు వెళ్లేవారికి తారు మీద పేరుకున్న ఇసుక, లారీల నుంచి రాలిన రాతి పొడి, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, వానకు తడిసిన మలుపులు కొత్త కావు. శీతాకాలంలో లంబసింగి చూడడానికి నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కే కుర్రవాళ్లకు మంచు, తడి రోడ్డు అదనం. తడి తారు మీద ఏబీఎస్ మేలు బాగా తెలుస్తుంది.

కాని గుల్ల కంకర మీద అది బండిని ఇంకాస్త దూరంలో ఆపవచ్చు. మలుపులో బండి వాలి ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే మామూలు ఏబీఎస్ పూర్తిగా కాపాడలేదు. అరిగిన టైరుకు ఏబీఎస్ పట్టు తేలేదు. ఇద్దరు కూర్చోవలసిన బండి మీద నలుగురు కూర్చుంటే ఏ బ్రేకూ బాధ్యత వహించదు.

లెక్కలు, చట్టం

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారే. ఒకే మోడల్‌లో ఏబీఎస్ ఉన్న బండ్లను, లేనివాటిని అమెరికాలో పోల్చి చూస్తే, ఉన్నవాటికి ప్రాణాంతక ప్రమాదాలు 22 శాతం తక్కువని 2021లో తేలింది.

మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకు లోపు బండ్లకు కాంబీ బ్రేకు చాలన్నారు. పల్లెల్లో ఎక్కువగా తిరిగేవి ఆ చిన్న బండ్లే. అన్ని ద్విచక్ర వాహనాలకూ ఏబీఎస్ ఉండాలంటూ 2025 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ ముసాయిదా వెలువరించింది. చిన్న బండికి అది అమర్చలేమన్న వాదన నిలవదు. 2022 డిసెంబరులోనే 110 సీసీ ప్లాటినాకు బజాజ్ కంపెనీ ముందు చక్రం ఏబీఎస్ పెట్టింది.

కొనేవారు చూడవలసినవి

మీరు కొనే మోడల్‌కు ఏబీఎస్ ఉందా, ఉంటే ఏ చక్రానికో అడిగి బిల్లు మీద రాయించుకోండి. తాళం తిప్పగానే మీటరులో ఏబీఎస్ దీపం వెలిగి, బండి కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే మామూలు బ్రేకు పడుతుంది కానీ ఏబీఎస్ లేనట్టే లెక్క. పంక్చరు వేయించినప్పుడు సెన్సారు రింగు వంగకుండా చూసుకోవాలి, పొలం దారి బురదను కడిగేయాలి.

ఏబీఎస్ లేని పాత బండి ఉన్నవారు అధైర్యపడనక్కరలేదు. ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంతో, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగిస్తూ ఆపడం అలవాటు చేసుకోవాలి. కొత్తది కొనేవారు మాత్రం క్రాష్ గార్డు, సీటు కవరు, స్టిక్కర్లకు పెట్టే డబ్బును ముందు బ్రేకుకు, మంచి హెల్మెట్‌కు పెట్టడం మేలు. సంపాదించే మనిషి నెలల తరబడి మంచాన పడితే ఆ ఇంటికయ్యే ఖర్చు ముందు ఏబీఎస్ ధర పెద్దది కాదు.