బాప్తిస్మం తర్వాతా వాడలోనే

కెనడా బాప్టిస్టు మిషనరీలైన చర్చిల్ దంపతులు 1879లో బొబ్బిలిలో కేంద్రం నెలకొల్పారు. నేటికీ పరిసర దళితవాడల్లో కొత్త సంఘాలు పుడుతూనే ఉన్నాయి: ముందు ఒక ఇంట్లో ప్రార్థన, ఆపై రేకుల షెడ్డు. ఈ సంఘాలకు అసలు చిక్కు స్థలమూ చందాలూ కాదు, సభ్యుల పట్టీలో పేరు రాయడమేనని నా అభిప్రాయం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. దానిని 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు. క్రైస్తవులకు మాత్రం కాదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన దళితులు బీసీ-సి. వారి రిజర్వేషన్ 1 శాతం. బిడ్డ చదువు, ఉద్యోగం కుల ధ్రువపత్రంతో ముడిపడి ఉన్నప్పుడు బాప్తిస్మాన్ని కాగితమెక్కించడానికి ఎవరు సాహసిస్తారు?

మతం మారితే కులం పోయిందని చట్టం భావిస్తోంది. ఊరు అలా భావించడం లేదు. కొత్త మందిరానికి వెళ్లేవారి ఇల్లు వాడలోనే ఉంది, కూలి పని అదే, పిలుపూ అదే. ఎస్సీ హోదా కోరుతూ 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది, నిర్ణయం పార్లమెంటుది. వివక్ష కొనసాగుతున్నంత కాలం రక్షణా కొనసాగాలి. రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చిన మతస్వేచ్ఛకు దళితుడు మాత్రమే మూల్యం చెల్లించడం న్యాయం కాదు.