రక్త బేదులు నెల దాటితే

ఈసారి నేను రాసేది నలుగురిలో మాట్లాడుకునే సంగతి కాదు, దొడ్డికి పోయే సంగతి. మూడేండ్లు సిగ్గుపడి నోరు మూసుకున్నందుకు నేను పడిన కష్టం ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను. నా చదువు అయిదో తరగతి వరకే, తప్పులుంటే సర్దుకోండి.

1996లో నాకు 37 ఏండ్లు. మాది బాగేపల్లి తట్టు పల్లె. పని బెంగుళూరులో ఒక స్పిన్నింగ్ మిల్లులో, రింగ్ ఫ్రేమ్ మీద. మొదట కడుపులో నొప్పి, బేదులు. తరువాత బంక పడింది, ఆ పైన రక్తం. రోజుకు పదిసార్లు, పన్నెండుసార్లు. పోయి కూర్చుంటే వచ్చేది రెండు చుక్కలు, లేచి వస్తే మళ్లా పోవాల అనిపిస్తాది. రాత్రి నిద్రలో గూడా లేపేస్తాది.

రింగ్ ఫ్రేమ్ మీద పనిచేసినోళ్లకు తెలుసు, దారం తెగుతానే ఉంటాది, అతికిస్తానే ఉండాల. ఎనిమిది గంటల్లో ఎన్నిసార్లని పోయేది? మేస్త్రీ నేను బీడీ తాగడానికి పోతున్నాననుకున్నాడు. ఆయన పేరు రాయను. తప్పు ఆయనది సగం, నాది సగం. కడుపు బాగాలేదన్నానే గానీ రక్తం పడుతోందని నేను చెప్పలేదు. షిఫ్టుకు ముందర తినడం మానేసినాను, నీళ్లు మానేసినాను. టిఫిన్ సంచిలో అడుగున ఇంకొక చడ్డీ పెట్టుకొని పోతా ఉంటిని. ఇంట్లో నా భార్యకు గూడా ఏడాది దాకా తెలీదు.

మిల్లు నడుస్తున్నంతసేపూ పనివాడికి మరుగుదొడ్డి అందుబాటులో ఉండాల అని 1948 ఫ్యాక్టరీ చట్టం 19వ సెక్షన్‌లో రాసుండింది. ఇది నాకు రిటైర్ అయినాక యూనియన్ ఆఫీసులో తెలిసింది. అప్పుడే తెలిసుంటే కొంచెం ధైర్యంగా అడిగుందును.

వైద్యం చేయించుకోలేదా అంటే, చేయించుకొంటిని. ఒకాయన అమీబా అని అయిదు రోజులు మాత్రలిచ్చినాడు. నాలుగు దినాలు మేలు, మళ్లా మొదలు. మళ్లా అవే మాత్రలు. ఊరికి పోతే మొలలు అన్నారు, నాటుమందు తాగించినారు. మా అమ్మ ఉడుకు చేసిందని మజ్జిగలో మెంతులు, దానిమ్మ తొక్క కషాయం. కైవారం పోయి మొక్కుకొంటిమి. ఎవరూ పరీక్ష చెయ్యలేదు. ఎవరూ చెయ్యమనలేదు, నేనూ అడగలేదు.

1999లో రాత్రి షిఫ్టులో కండ్లు తిరిగి ఫ్రేమ్ పక్కన పడిపోయినాను. ఈ.ఎస్.ఐ.కి తీసుకుపోతే హిమోగ్లోబిన్ ఆరు. పెద్ద ఆస్పత్రికి పంపినారు. అక్కడ వెనకనుంచి గొట్టం పెట్టి కెమెరాతో పేగు చూసినారు. దాన్నే కొలనోస్కోపీ అంటారు. చిన్న ముక్క తీసి పరీక్షకు గూడా పంపినారు. డాక్టరమ్మ చెప్పింది, "రాళ్లమీద పడి గీసుకుపోయిన మోకాలు చూసినారు కదా, మీ పెద్ద పేగు లోపల పొర అట్లుంది" అని. దాని పేరు అల్సరేటివ్ కొలైటిస్. మన ఒంట్లో రోగాలను తరిమే కాపలా శక్తి దారి తప్పి మన పేగుమీదనే పడుతుందంట. ఎందుకు పడుతుందో పూర్తిగా ఎవరికీ తెలీదు. కారం తిన్నందుకు రాలేదు, ఎవరో పెట్టిన మందుతోనూ రాలేదు. అంటుజబ్బు కాదు. ఈ మాట విన్నాకనే నా భార్య నా కంచంలో చెయ్యి పెట్టి తినింది.

దీనికి తోబుట్టువు ఇంకొకటుంది, క్రోన్స్ జబ్బు. 1932లో న్యూయార్కులో క్రోన్ అనే డాక్టరూ ఇంకా ఇద్దరూ దాని గురించి రాసినారు, ఆ పేరే నిలిచింది. నాకొచ్చింది పెద్ద పేగులోనే, కిందనుంచి పైకి, లోపల పొరకు మాత్రం. క్రోన్స్ అట్ల కాదు, నోటినుంచి కిందిదాకా ఎక్కడైనా, అక్కడొకటి ఇక్కడొకటి పడుతుంది, పేగు మందమంతా పోతుంది. పేగు ఇరుకైపోతుంది, ఆసనం పక్కన చీము దారులు పడతాయి. అందరికీ రక్తం పడదు.

అది మా ఇంట్లోనే చూడాల్సి వచ్చింది. మా చెల్లెలిని చింతామణికి ఇచ్చినాము. దాని కూతురు గార్మెంట్స్‌లో టైలరు. 2022లో అమ్మాయికి కుడిపక్కన కింద నొప్పి, సాయంత్రం జ్వరం, 48 కిలోల మనిషి 37కు దిగింది. రెండు ముద్దల సంగటి తినే పిల్ల అర ముద్దకే కడుపు పట్టుకునేది. డాక్టర్లు పేగు టీబీ అన్నారు. వాళ్లను తప్పనను. మన దేశంలో ఈ రెండూ చూడ్డానికి ఒక్కటే మాదిరి ఉంటాయి, ముక్క తీసి చూసినా ఒక్కోసారి తేలదు. టీబీ అయితే ఆరు నెలల మందుతో నయమవుతుంది. టీబీని క్రోన్స్ అనుకొని స్టిరాయిడ్ ఇస్తే టీబీ ఒళ్లంతా పాకుతుంది. అందుకని అనుమానముంటే ముందు టీబీ మందిచ్చి, రెండు మూడు నెలలకు మళ్లా కెమెరాతో చూస్తారు. పుండ్లు మానుతుంటే టీబీ. మానకుంటే క్రోన్స్ గురించి ఆలోచించాల. మా పిల్లకు మూడో నెల చూస్తే పుండ్లు అట్లనే ఉన్నాయి. ఆ రెండోసారి చూపించుకునేదే చాలామంది మానేస్తారు, బస్సు చార్జీలకు, కూలి పోతుందని. మేమూ మానేసే వాళ్లమే. ఆ పిల్ల "మామా, నువ్వు మూడేండ్లు ఊరుకుంటివి కదా, నన్నూ ఊరుకోమంటావా" అనింది. మరుసటి దినమే పోతిమి.

ఇది పట్నాల జబ్బు, ఉన్నోళ్ల జబ్బు అనేవాళ్లున్నారు. హైదరాబాదు ఏ.ఐ.జి. ఆస్పత్రి డాక్టర్లు కడుపు బాధలున్న 30 వేల మందికి పైగా కొలనోస్కోపీ చేసి 2023లో రాసినారు. నూటికి అయిదుగురికి పైగా ఈ జబ్బులే, పల్లెటూరి వాళ్లలో గూడా పట్నం వాళ్లకు దగ్గర దగ్గరగానే ఉందంట.

మొలలకూ దీనికీ తేడా నా అనుభవంలో చెప్తాను. మొలలైతే ఎర్రటి రక్తం పైన చుక్కలుగా పడుతుంది, బేదులుండవు, రాత్రి లేపదు. దీంట్లో రక్తం, బంక కలిసిపోయి వస్తాయి, ఆపుకోలేం. బరువు తగ్గడం, రక్తం తక్కువై ఆయాసం, కీళ్ల నొప్పి, కన్ను ఎర్రబడడం, నోట్లో మానని పుండ్లు, ఇవి గూడా దీనితోనే రావచ్చు. నాకు మోకాళ్ల నొప్పి మిల్లులో నిలబడి వచ్చిందనుకున్నాను, పేగు చల్లబడితే అదీ చల్లబడింది. బేదులు నాలుగు వారాలు దాటితే మలపరీక్ష, రక్తపరీక్ష అడగండి, ఆ పైన కొలనోస్కోపీ అవసరమా అని అడగండి. రక్తం ఎక్కువ పడి జ్వరం, కడుపు ఉబ్బరం ఉంటే వారాలు లెక్కపెట్టకుండా ఆ పూటే పోండి.

మందుల సంగతి. నాకు మొదట సల్ఫాసలజీన్ ఇచ్చినారు. మూత్రం నారింజరంగు వచ్చేసరికి పచ్చకామెర్లని ఏడుస్తూ పరిగెత్తినాను, డాక్టరమ్మ నవ్వింది, మందు రంగంట. తరువాత మెసలమీన్‌కు మార్చినారు, ఇప్పటికీ అదే. జబ్బు రేగినప్పుడు స్టిరాయిడ్ ఇస్తారు. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. స్టిరాయిడ్‌తో వారంలో మేలయింది కదా అని, పాత చీటీ చూపించి మెడికల్ షాపులో నేనే కొనుక్కొని ఏడాది మింగినాను. ముఖం ఉబ్బింది, షుగరు వచ్చింది, ఎముకలు పలచబడినాయి. దాన్ని సొంతంగా మింగకూడదు, ఉన్నట్టుండి ఆపనూ కూడదు, డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాల. నడుం నొప్పి మాత్రలు గూడా దీన్ని రేపుతాయి, డాక్టరును అడక్కుండా వద్దు. మా మేనకోడలికి అజథయోప్రిన్, దానికి తప్పకుండా రక్తపరీక్షలు చేయించుకుంటా ఉండాల. ఇంకా గట్టిగా ఉంటే ఇంజెక్షన్లున్నాయి, అవి ఇచ్చే ముందర టీబీ ఉందా అని చూస్తారు. క్రోన్స్ ఉన్నోళ్లు బీడీ సిగరెట్ మానాల్సిందే.

తిండికి అందరికీ ఒకటే పథ్యం లేదు. రేగినప్పుడు నేను మెత్తటి అన్నం, మజ్జిగ, పప్పుకట్టు. చల్లబడినాక సంగటి, సారు అన్నీ తింటాను. అనపకాయల కాలంలో పితికిన పప్పు మానమంటే మాత్రం నా వల్ల కాదు, కొంచెమైనా తింటాను, ఒకరోజు ఉబ్బరం పడతాను.

అమ్మాయి పెండ్లి మాటల్లో జబ్బు దాచమన్నారు మా చెల్లెలు వాళ్లు. నేను ఒప్పుకోలేదు. చెప్తే ఒక సంబంధం పోయింది. రెండో వాళ్లు డాక్టరుతో మాట్లాడతామన్నారు. జబ్బు చల్లగా ఉన్నప్పుడు బిడ్డను కనొచ్చు, మందులు సొంతంగా ఆపకుండా ముందే అడగండి అని ఆయన చెప్పినాడు. పోయిన ఏడాది పెండ్లయింది.

పనిచేసే వాళ్లకు ఈ.ఎస్.ఐ.లో ఏడాదికి 91 రోజులదాకా నూటికి 70 లెక్కన సిక్‌నెస్ బెనిఫిట్ ఉంది, సర్టిఫికెట్ తీసుకోవడం మరవద్దు. కనీసం అయిదేండ్లు ఈ.ఎస్.ఐ. కింద పనిచేసి రిటైరైన వాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే మొగుడూ పెండ్లాం ఇద్దరికీ వైద్యం ఉంటుంది. మన కాలనీలో చాలామందికి ఇది తెలీదు. నేను కడుతున్నాను.

బాగేపల్లి నుంచి బెంగుళూరు బస్సులో పేరేసంద్ర, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి, ఎక్కడ మరుగుదొడ్డి శుభ్రంగా ఉందో నన్నడిగితే చెప్తాను. జబ్బు మొదలై ఎనిమిదేండ్లు దాటితే క్యాన్సర్ ఏమైనా ఉందా అని అప్పుడప్పుడూ కొలనోస్కోపీ చేయించుకోవాల. నాకు వచ్చే నెల ఉంది. ముందురోజు రాత్రి పేగు కడిగే మందునీళ్లు తాగి బస్సెక్కలేం గదా, అందుకని బెంగుళూరులో మా మేనకోడలి ఇంట్లోనే ఉండమనింది. "బాత్రూం నీదే మామా, ఆ రాత్రి మేమెవరమూ పోము" అని చెప్పింది.