రంగులను వేరుచేయు యంత్రము

ఇతర శైవలములు బ్రదుకజాలని ఉప్పునీటి కొలనులలో వృద్ధినొందు డునాలియెల్లా సెలైనా అను సూక్ష్మశైవలము, ఎండ తీవ్రమై, లవణము మితిమీరి, నత్రజని కొరవడినప్పుడు, తన సహజమగు ఆకుపచ్చ వన్నెను వీడి ఇటుకరంగును దాల్చును. ఫ్రాన్సు దేశమున మోంపెలియే సమీపమందలి ఉప్పుమడుల యెరుపునకు ఇట్టి జీవియే కారణమని 1838లో డ్యునాల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించెను. 1905లో టియోడొరెస్కో అను రుమేనియా శాస్త్రజ్ఞుడు ఆతని పేరనే దానికి నామకరణ మొనర్చెను. ఆ యెరుపు బీటా కెరోటిన్‌ది. మన దేహము విటమిన్ ఏగా మార్చుకొను ఈ ద్రవ్యము, తగిన పరిస్థితులు కూడినచో, శైవలపు ఎండు బరువులో సుమారు పదవ వంతు వరకు పేరుకొనగలదు. అందువలననే ఆస్ట్రేలియాలోను ఇజ్రాయెల్‌లోను దీని పెంపకము పరిశ్రమగా వెలసినది.

అయితే కొలను ఎఱ్ఱబడినంతమాత్రమున కెరోటిన్ సమృద్ధిగా నున్నదని నిశ్చయించుట తగదు. అంతటి ఉప్పునీటిలోనే బ్రదుకు వేఱు సూక్ష్మజీవులును నీటికి ఎరుపు నిచ్చును. శైవలమును వడగట్టి, దాని వర్ణములను అసిటోనులోనికి దింపి, ఆ ద్రవము ఎంత కాంతిని గ్రహించుచున్నదో కొలిచినను చిక్కు తీరదు. ఏలయన 450 నానోమీటర్ల చెంత బీటా కెరోటిన్‌తోపాటు ల్యూటిన్ అను పసుపు వర్ణము, పత్రహరితము బి కూడ కాంతిని గ్రహించును. కలిసియున్న రంగులను విడదీయనిదే ఆ కొలతను నమ్మరాదు. విడదీయు యంత్రముయొక్క చరిత్ర ఆకుల రంగులతోనే ఆరంభమైనది.

మిఖాయిల్ త్స్వెత్ 1872లో ఇటలీలోని ఆస్తి పట్టణమున రష్యను తండ్రికి, ఇటాలియను తల్లికి జన్మించి, జెనీవాలో విద్య నభ్యసించి, వార్సాలో వృక్షశాస్త్రము బోధించుచున్న కాలమున, 1903 మార్చిలో అచ్చటి ప్రకృతిశాస్త్రజ్ఞుల సంఘము నెదుట తన నూతన పద్ధతిని విన్నవించెను. సన్నని గాజుగొట్టములో మెత్తని సుద్దపొడిని దట్టించి, ఆకులనుండి తీసిన వర్ణరసమును పైన పోసి, పిమ్మట స్వచ్ఛమైన ద్రావణిని కొంచెము కొంచెముగా పోయుచుండగా, సుద్దను గట్టిగా అంటిపెట్టుకొను వర్ణము వెనుకబడును. అంటు తక్కువగల వర్ణము ముందునకు సాగును. తుదకు పచ్చని, పసుపుపచ్చని వలయములు ఒకదానిక్రింద నొకటిగా ఏర్పడును. కెరోటిన్ అన్నిటికన్న ముందు దిగి వచ్చును. 1906లో జర్మను వృక్షశాస్త్ర పత్రికలో ప్రకటించిన రెండు వ్యాసములలో ఆతడు పత్రహరితము రెండు విధములనియు, పసుపు వర్ణములు అనేకములనియు స్పష్టముగా చూపెను. వర్ణలేఖనమని మనము నేడు పిలుచు పద్ధతి యిదియే.

ఇంతటి సాధనము పాతికేండ్లపాటు మూలబడియుండుట విచారకరము. ఆ కాలమున పత్రహరిత రసాయనమున అగ్రగణ్యుడైన రిఖార్డ్ విల్‌ష్టేటర్, పొడుల స్పర్శచే వర్ణములు మార్పు చెందునని శంకించెను. ఆ శంక అకారణము కాదు. తగని పొడిని వాడినచో వర్ణములు నిజముగనే చెడును. లోపము పొడి నెన్నుకొనుటయందే కాని పద్ధతియందు లేదని గ్రహించినవారు మిక్కిలి తక్కువ. త్స్వెత్ 1910లో వెలువరించిన గ్రంథము రష్యను భాషలో నుండుటచే పడమటి రసాయనజ్ఞులకు అందలేదు. యుద్ధముచే ఊరూరు తిరుగవలసివచ్చి, ఆరోగ్యము క్షీణించి, ఆతడు 1919లో వరోనెష్ నగరమున నలువదియేడేండ్ల ప్రాయముననే మరణించెను. అయినను ఆ గ్రంథమునకు విల్‌ష్టేటర్ తనకొరకు చేయించుకొనిన జర్మను అనువాదమే, శిష్యుడైన రిఖార్డ్ కూన్ ద్వారా, హైడెల్‌బర్గులో ఎడ్గార్ లెడరర్ అను యువకుని చేతికి వచ్చెను. 1931లో వారు వింటర్‌ష్టైన్‌తో కూడి, త్స్వెత్ చూపిన త్రోవనే నడచి, కెరోటిన్‌ను ఆల్ఫా, బీటా అని రెండుగా విడదీసిరి. శంకించినవాని యింటి ప్రతియే ఆ విద్యను బ్రదికించినది.

ఆపై యంత్రము త్వరితగతిని ఎదిగినది. 1941లో ఇంగ్లండున మార్టిన్, సింజ్‌లు గొట్టమున నింపు గుళికలు ఎంత సన్ననివైన, పీడనము ఎంత హెచ్చైన విభజన అంత చక్కగా జరుగునని ముందే సూచించిరి; వేఱొక వర్ణలేఖన విధానమును కనుగొన్నందులకు 1952లో వారికి నోబెల్ బహుమానము లభించెను. వారి సూచనను ఆచరణలో పెట్టినవారిలో, హంగరీనుండి అమెరికాకు వెళ్లి, 1960వ దశకమున యేల్ విశ్వవిద్యాలయమున పనిచేసిన చాబా హోర్వాత్ ముఖ్యుడు.

నేడు డునాలియెల్లా రసమును పరీక్షించు యంత్రమున గాజుగొట్టమునకు మారు ఉక్కుగొట్టము, సుద్దకు మారు పదునెనిమిది కార్బనుల గొలుసులను అతికించిన కొద్ది మైక్రోమీటర్ల సిలికా గుళికలు, పైనుండి చేతితో పోయుటకు మారు వందల వాతావరణముల పీడనముతో ద్రావణిని త్రోయు పంపు ఉండును. త్స్వెత్ గొట్టమున ముందు దిగిన కెరోటిన్ ఇచ్చట చివరకు వచ్చును. ఈ గుళికలు జిడ్డుదనముగల ద్రవ్యములనే ఎక్కువసేపు పట్టియుంచుటచే ల్యూటిన్ ముందును, పత్రహరితములు మధ్యను వెలువడును. వెలికివచ్చిన సమయము ద్రవ్యము పేరును సూచించును. యంత్రము గీయు గీతపై లేచిన శిఖరపు వైశాల్యమును, తెలిసిన మోతాదుగల శుద్ధద్రవ్యపు శిఖరముతో పోల్చగా దాని పరిమాణము తేలును.

ఇంతటితో పని ముగియలేదు. ఈ శైవలపు బీటా కెరోటిన్ ఒకే ఆకృతిలో నుండదు. నిడుపుగా చాచిన అణువులతోపాటు తొమ్మిదవ కార్బను చెంత వంగిన అణువులును దానిలో సమృద్ధిగా నుండును. కాంతి పెరిగినకొలది వంగినవాని పాలు పెరుగునని 1988లో బెన్ అమోట్జ్, లెర్స్, అవ్రోన్‌లు ప్రకటించిరి. కర్మాగారమున సంశ్లేషించిన కెరోటిన్‌లో అధికభాగము నిడుపైనదే. రెంటి రంగును కంటికి ఒక్కటియే. వానిని చక్కగా వేరుచేయుటకై ముప్పది కార్బనుల గొలుసులుగల గుళికలు నింపిన గొట్టమును 1994లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిరి. కొలనులో ఎండ ఎట్లు సోకినదియు ఆ గీతలో కొంత చదువవచ్చుననుట నాకు మిక్కిలి ఆశ్చర్యమును గొల్పుచున్నది.

యంత్ర మెంత సూక్ష్మమైనను, నమూనా చెడినచో ఫలితమును చెడును. వెలుతురు, వేడి, ప్రాణవాయువు కెరోటిన్‌కు శత్రువులు. కావున శైవలమును వడగట్టిన వెంటనే గడ్డకట్టించి, మసక వెలుతురులోనే వర్ణములను తీయవలెను. ఎండబెట్టి సీసాలలో నింపిన పొడియు నిలువయున్నకొలది గుణము కోల్పోవును. కావున శైవలపు పొడిని ఆరోగ్యమునకై కొను పాఠకులు దాని రంగును చూచి మురియక, ఆ సరుకులో బీటా కెరోటిన్ ఎంత కలదో, ఏ తేదీన పరీక్షించిరో తెలుపు పత్రమును అమ్మువానినుండి అడిగి తీసికొందురుగాక.