గాలికి పోయే డీజిలు

పిల్లలూ! చేప తల ఎందుకు కోసుగా ఉంటుందో తెలుసునా? ఎక్కువ శ్రమ లేకుండా నీటిని చీల్చుకుపోవటానికి. కాని కొల్లేటి ప్రాంతపు చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలను వెయ్యి కిలోమీటర్లకు పైగా మోసి హౌరా చేర్చే లారీని చూడండి. దాని ముఖం గోడలాగా బల్లపరుపుగా ఉంటుంది!

లారీకి అడ్డు నీరు కాదు, గాలి. ఒక పెద్ద అట్టను ఎదురుగా పట్టుకొని ఆటస్థలంలో పరుగెత్తండి. తరవాత దాని అంచు ముందుకు వచ్చేట్టు పట్టుకొని పరుగెత్తండి. తేడా మీ చేతులకే తెలుస్తుంది. వేగం రెండింతలయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దాన్ని తోసుకుపోవటానికి కొంత డీజిలు ఖర్చవుతుంది.

అందుకని కొందరు క్యాబిన్ కప్పు మీద ఒక వాలు పలక బిగిస్తారు. గాలి వెనకనున్న ఎత్తైన సరుకుకు కొట్టుకోక, పలక మీదుగా జారిపోతుంది. సరుకు క్యాబిన్ కన్న ఎత్తుగా లేకపోతే మాత్రం ఆ పలకే గాలికి అడ్డవుతుంది!

మరి ఈ ఖర్చు లాభమా, దండుగా? అప్పుచేసి లారీ కొన్నవాడికి ఇది చిన్న ప్రశ్న కాదు. దానికి సమాధానం లెక్కలోనే ఉంది.

పలక వెల 21,600 రూపాయలు, లీటరు డీజిలు 90 రూపాయలు, లీటరుకు లారీ 4 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. హౌరా లారీ నెలకు 8,000 కిలోమీటర్లు తిరిగితే 2,000 లీటర్లు కావాలి. నూటికి 3 లీటర్లు మిగిలితే 60 లీటర్లు, అంటే 5,400 రూపాయలు. నాలుగు నెలల్లో పలక వెల తిరిగి వచ్చింది!

చెరువుగట్టు నుంచి ఏలూరు దాకా మెల్లగా తిరిగే లారీ సంగతి వేరు. అది నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగి, నూటికి ఒక్క లీటరే మిగిల్చిందనుకుందాం. మిగులు 225 రూపాయలు. పలక వెల రావటానికి ఎనిమిదేళ్లు పడుతుంది! పలక ఒకటే, తిరిగే దారి వేరు.

పైసా పెద్దగా ఖర్చులేని ఉపాయాలూ ఉన్నాయి. టైర్లలో సరిపడా గాలి ఉంచాలి. టార్పాలిన్ బరకాన్ని రెపరెపలాడకుండా బిగించి కట్టాలి. లారీ ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపాలి. వేగం తగ్గించినా డీజిలు మిగులుతుంది. కాని మరీ ఆలస్యమైతే మంచు కరిగి చేప పాడవుతుంది. డీజిలు మిగిల్చి సరుకు పోగొట్టుకుంటే ఏం లాభం?

ఇక మీ వంతు. కర్నూలు నుంచి తాడేపల్లిగూడెం మార్కెట్టుకు ఉల్లిపాయలు తెచ్చే లారీ ఒకటి నెలకు 4,000 కిలోమీటర్లు తిరుగుతూ, పలక వల్ల నూటికి 2 లీటర్లు మిగిలిస్తే, ఆ వెల ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? పలకా, డీజిలూ పై వెలలకే అనుకొని కట్టండి. మీ నాన్నగారి చేత కూడా లెక్క కట్టించి, ఇద్దరి జవాబూ ఒకటేనేమో సరిచూసుకోండి.