తుప్పుకు లొంగని సూక్ష్మజీవి: తన ప్రొటీన్లను బాక్టీరియా ఎలా కాపాడుకుంటుంది?

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐఐటీ వైపు వెళ్లే దారిలో, పూరీ గేట్ వద్ద రైలు పట్టాలను గమనిస్తే రెండు రంగులు కనిపిస్తాయి. చక్రాలు నిత్యం ఒరుసుకుంటూ పోయే పైభాగం అద్దంలా మెరుస్తుంది. చక్రం తాకని పక్కభాగం గోధుమరంగు తుప్పుతో నిండి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఇనుమును మెల్లగా తినివేయడమే తుప్పు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తరతరాలుగా ఈ ఊరిలో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు ఇది నిత్యం చూసే సంగతే.

ఇదే కోవకు చెందిన రసాయనిక చర్య కంటికి కనిపించని సూక్ష్మజీవుల లోపల కూడా సాగుతూ ఉంటుంది. అక్కడ దెబ్బతినేది ఉక్కు కాదు, ప్రొటీన్లు. ఆహారాన్ని శక్తిగా మార్చడం, కణకవచాన్ని నిర్మించడం, విషాన్ని బయటకు నెట్టడం వంటి పనులన్నీ ప్రొటీన్లే చేస్తాయి. ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన పదార్థాలు వాటిని పాడుచేసే స్థితిని శాస్త్రవేత్తలు ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. దీనిని తట్టుకోవడానికి బాక్టీరియా అనుసరించే మార్గాలు ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. తాగునీటిలో క్లోరిన్ ఎలా పనిచేస్తుంది, క్షయ మందు కొందరిలో ఎందుకు విఫలమవుతుంది అనే ప్రశ్నలకు సమాధానం ఇందులోనే ఉంది.

ప్రాణవాయువే ప్రమాదకారి

భూ వాతావరణంలో ఆక్సిజన్ పెరగడం సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైంది. అంతకు ముందే పుట్టిన సూక్ష్మజీవులకు అది కొత్త ఆపద. ఆక్సిజన్‌తో శ్వాసిస్తే ఎక్కువ శక్తి లభిస్తుంది. అయితే ఆ ప్రక్రియలో కొన్ని ఎలక్ట్రాన్లు దారితప్పి ఆక్సిజన్‌తో కలుస్తాయి. అప్పుడు సూపరాక్సైడ్, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏర్పడతాయి. కణంలోని ఇనుము ఈ పెరాక్సైడ్‌ను తాకితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఎదురుపడిన ప్రతి అణువునూ అది దెబ్బతీస్తుంది. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే జరిగే ఈ చర్యను బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హెన్రీ ఫెంటన్ 1894లో వివరించారు.

మన శరీరం ఈ రసాయనాలనే ఆయుధంగా వాడుకుంటుంది. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు బాక్టీరియాను మింగి, దానిపై పెరాక్సైడ్‌ను, అంతకంటే తీవ్రమైన హైపోక్లోరస్ ఆమ్లాన్ని కుమ్మరిస్తాయి. బావిలో బ్లీచింగ్ పౌడర్ వేసినప్పుడు నీటిలో పుట్టేది కూడా ఈ ఆమ్లమే. పుట్టుకతో ఈ ఆయుధం లోపించిన పిల్లలు తరచూ తీవ్ర అంటువ్యాధుల బారిన పడతారు. అంటే మన కణాలకు, బాక్టీరియాకు మధ్య ప్రతి క్షణం జరిగే పోరులో ఆక్సీకరణం ప్రధాన అస్త్రం.

ముందుగా పట్టి అణచడం

బాక్టీరియా మొదటి రక్షణ వ్యూహం, హాని జరగక ముందే హానికారక పదార్థాన్ని తొలగించడం. సూపరాక్సైడ్‌ను తొలగించే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్‌ను జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ 1969లో గుర్తించారు. పెరాక్సైడ్‌ను కాటలేజ్ అనే మరో ఎంజైమ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. గాయంపై పెరాక్సైడ్ పోసినప్పుడు తెల్లని నురగ పొంగడానికి మన రక్తంలో, కణజాలంలో ఉన్న కాటలేజే కారణం.

ఈ ఎంజైములు ఎప్పుడు ఎంత కావాలో బాక్టీరియాకు ఎలా తెలుస్తుంది? ఇ.కోలై అనే బాక్టీరియాలో ఆక్సీఆర్ అనే ప్రొటీన్ కావలి కాస్తుంది. అందులో గంధకం గల రెండు సిస్టీన్ అమైనో ఆమ్లాలు ఉన్నాయి. పెరాక్సైడ్ పెరిగితే ఆ రెండు గంధకాలూ పరస్పరం ముడిపడతాయి. ముడి పడగానే ఆక్సీఆర్ ఆకృతి మారి, కాటలేజ్ సహా అనేక రక్షక ప్రొటీన్ల తయారీకి ఆదేశం వెళుతుంది. ప్రమాదం తొలగాక ముడి విడిపోతుంది, తయారీ తగ్గుతుంది.

ఇనుము విషయంలోనూ బాక్టీరియా జాగ్రత్త వహిస్తుంది. పెరాక్సైడ్ పెరిగినప్పుడు విడిగా తిరిగే ఇనుమును డీపీఎస్ అనే ప్రొటీన్ తన బోలు గోళంలో బంధించి ఉంచుతుంది. కొన్ని ఎంజైములలో ఇనుము ఉండవలసిన చోట మాంగనీస్ చేరుతుంది. పెరాక్సైడ్‌తో మాంగనీస్ ఇనుములా ప్రమాదకరంగా చర్య జరపదు కాబట్టి ఎంజైమ్ పని ఆగదు.

ఈ వ్యూహానికి గొప్ప ఉదాహరణ డైనోకాకస్ రేడియోడురాన్స్. 1956లో అమెరికాలోని ఒరెగాన్‌లో, రేడియేషన్‌తో శుద్ధి చేసినా పాడైపోయిన డబ్బా మాంసంలో ఇది బయటపడింది. మనిషిని చంపే మోతాదుకు వందల రెట్ల రేడియేషన్‌ను తట్టుకోగలదు. ఇది డీఎన్ఏను గట్టిగా కాపాడుకుంటోందని మొదట భావించారు. కానీ అదే మోతాదులో దీని డీఎన్ఏ కూడా ఇతర బాక్టీరియాలో మాదిరిగానే తెగిపోతుంది. మైఖేల్ డేలీ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం అసలు తేడా ప్రొటీన్లలో ఉంది. మాంగనీస్ అధికంగా ఉండటం వల్ల దీని ప్రొటీన్లు ఆక్సీకరణకు గురికావు. తెగిన డీఎన్ఏను అతికించే పనివారు కూడా ప్రొటీన్లే. పనివారు క్షేమంగా ఉంటే కూలిన ఇంటిని మళ్లీ కట్టుకోవచ్చు.

కుప్పకూలకుండా పట్టుకోవడం

ఎంత అడ్డుకున్నా కొంత దెబ్బ తప్పదు. గుడ్డును ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది. మడతలు విడిపోయిన ప్రొటీన్లు ఒకదానికొకటి చిక్కుకొని గడ్డకట్టడమే దీనికి కారణం. హైపోక్లోరస్ ఆమ్లం వేడి అవసరం లేకుండానే బాక్టీరియా ప్రొటీన్లకు ఇదే గతి పట్టిస్తుంది. ఆ సమయంలో కణంలో శక్తి నిల్వలు కూడా పడిపోతాయి కాబట్టి, శక్తిని ఖర్చుచేసి పనిచేసే మామూలు సహాయక ప్రొటీన్లు చతికిలబడతాయి.

అప్పుడు రంగంలోకి దిగేది హెచ్ఎస్‌పీ33. ఉర్సులా జాకబ్, జేమ్స్ బార్డ్‌వెల్ బృందం 1999లో దీనిని వెల్లడించింది. మామూలు వేళల్లో ఇది జింకును పట్టుకొని నిద్రాణంగా ఉంటుంది. ఆక్సీకరణం జరిగితే జింకు జారిపోతుంది, ప్రొటీన్ సగం విప్పుకుంటుంది. ఇతర ప్రొటీన్లను పాడుచేసే దెబ్బే దీనిని మేల్కొలుపుతుంది. విప్పుకున్న భాగంతో ఇది చెదిరిపోతున్న ప్రొటీన్లను అంటిపెట్టుకొని గడ్డకట్టకుండా ఆపుతుంది. దీనికి శక్తి ఖర్చు అవసరం లేదు. పరిస్థితి చక్కబడ్డాక వాటిని ఇతర సహాయక ప్రొటీన్లకు అప్పగిస్తుంది. బ్లీచ్ తాకిడికి ఇ.కోలై తట్టుకోవడంలో హెచ్ఎస్‌పీ33 కీలకమని 2008లో జాకబ్ బృందం చూపించింది.

మరమ్మతు చేసి మళ్లీ పనిలోకి

అన్నింటికంటే ఆసక్తికరమైనది మరమ్మతు. ప్రొటీన్లలో మెథియోనిన్ అనే గంధకపు అమైనో ఆమ్లం ఉంటుంది. దానికి ఒక ఆక్సిజన్ పరమాణువు అంటుకుంటే మెథియోనిన్ సల్ఫాక్సైడ్ అవుతుంది, ప్రొటీన్ పనితీరు మందగిస్తుంది. మెథియోనిన్ సల్ఫాక్సైడ్ రిడక్టేజ్ అనే ఎంజైములు ఆ ఆక్సిజన్‌ను తొలగించి ప్రొటీన్‌ను యథాస్థితికి తెస్తాయి. ఇందుకు కావలసిన ఎలక్ట్రాన్లను థయోరెడాక్సిన్ అనే చిన్న ప్రొటీన్ అందిస్తుంది.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌కు ఓవర్‌హాల్ కోసం వచ్చిన బోగీని తుక్కు కింద వేయరు. పాడైన భాగాన్ని సరిచేసి తిరిగి పట్టాలెక్కిస్తారు. బాక్టీరియా చేసేదీ అదే లెక్క. కొత్త ప్రొటీన్ తయారీలో ఒక్కో అమైనో ఆమ్లాన్ని జతచేయడానికి సుమారు 4 ఏటీపీ అణువుల శక్తి ఖర్చవుతుంది. వందల అమైనో ఆమ్లాల గొలుసును పారవేసి కొత్తది అల్లడం కంటే ఒక్క ఆక్సిజన్‌ను తీసివేయడం ఎంతో చౌక.

అయితే కణకవచంలోని ప్రొటీన్ల సంగతేమిటి? హైపోక్లోరస్ ఆమ్లం ముందుగా తాకేది అక్కడే. థయోరెడాక్సిన్ కణం లోపలే ఉంటుంది, అక్కడికి చేరదు. 2015లో బెల్జియం, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఇ.కోలై కవచంలో ఎంఎస్ఆర్‌పీ, ఎంఎస్ఆర్‌క్యూ అనే జంటను కనుగొన్నారు. ఇవి శ్వాసక్రియా గొలుసు నుంచి నేరుగా ఎలక్ట్రాన్లను తీసుకొని కవచంలోనే మరమ్మతు చేస్తాయి. హైపోక్లోరస్ ఆమ్లం తగలగానే ఈ జంట తయారీ పెరుగుతుంది.

కవచమే ద్రోహం చేస్తే

బాక్టీరియా రక్షణ మనిషికి ఎలా అక్కరకు వస్తుందో తెలియాలంటే క్షయను చూడాలి. ఐసోనియాజిడ్ 1952లో క్షయ చికిత్సలోకి వచ్చింది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఆసుపత్రిలో చేరకుండా ఇంటి వద్దే మందు తీసుకున్నా రోగం నయమవుతుందని 1959లో లోకానికి చాటింది. నేడు అది చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. ఆ కృషిలో భాగంగా టి.వి. సుబ్బయ్య, డెనిస్ మిచిసన్, జె.బి. సెల్కన్ 1960లో భారతీయ, బ్రిటిష్ క్షయ క్రిములను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పరీక్షించారు. దక్షిణ భారత రోగుల నుంచి సేకరించిన క్రిములలో చాలావాటికి పెరాక్సైడ్‌ను తట్టుకునే శక్తి తక్కువని, గినీ పిగ్‌లలో అవి కలిగించే వ్యాధి తీవ్రత కూడా తక్కువని ఆ కాలపు అధ్యయనాలు తేల్చాయి. ఆక్సీకరణను తట్టుకోవడానికీ రోగం కలిగించే శక్తికీ సంబంధం ఉండవచ్చని సూచించిన తొలినాటి పరిశోధనలలో ఇవి ముఖ్యమైనవి.

ఐసోనియాజిడ్ తనంతట తాను క్రిమిని చంపలేదు. క్షయ క్రిమి తనను కాపాడుకోవడానికి వాడే కాట్‌జీ అనే కాటలేజే ఆ మందును విషంగా మారుస్తుందని 1992లో తేలింది. అంటే క్రిమి కవచమే దానికి శత్రువు అవుతుంది. తప్పించుకోవడానికి కొన్ని క్రిములు కాట్‌జీని వదులుకుంటాయి. అప్పుడు పెరాక్సైడ్ ముందు బలహీనపడతాయి. ఆ లోటును మరొక రక్షక ఎంజైమ్‌ను ఎక్కువగా తయారుచేసుకొని పూడ్చుకుంటాయి. రోగులలో ఎక్కువగా కనిపించే మార్పు ఇంకా తెలివైనది. కాట్‌జీలో 315వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. మందు చైతన్యం పొందదు, పెరాక్సైడ్ రక్షణ మాత్రం చాలావరకు నిలిచే ఉంటుంది.

మందును మధ్యలో ఆపితే ఇటువంటి క్రిములకే అవకాశం దొరుకుతుంది. అందుకే క్షయకు ఒకే మందు కాకుండా పలు మందులను కలిపి, వైద్యులు చెప్పినంత కాలం వాడాలి. తాగునీటి విషయంలోనూ ఇదే సూత్రం. భారతీయ ప్రమాణాల ప్రకారం శుద్ధి చేసిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరిన్ కలిపాక తాగడానికి కనీసం అరగంట ఆగాలి. చాలీచాలని మోతాదు, చాలీచాలని సమయం సూక్ష్మజీవిని చంపవు. అది తనలోని మరమ్మతు యంత్రాంగాన్ని మేల్కొలిపి, పాడైన ప్రొటీన్లను సరిచేసుకొని, మళ్లీ పెరగడానికి కావలసిన వ్యవధిని మాత్రమే ఇస్తాయి.